ఇరవై నిమిషాల ఖాళీ

సీరియల్ ఆఫీసులో ఆమెను అందరూ డైలాగులమ్మ అనేవారు. పన్నెండేళ్ళపాటు రోజుకు మూడు సీన్ల చొప్పున రాసిన చెయ్యి అది. పొద్దున ఏడింటికి ఫోనొస్తే తొమ్మిదింటికల్లా కాగితాలు సెట్టుకు చేరాలి. అత్తగారు ఏడవాలంటే ఏడిపించేది, ఏడ్చింది చాలు నవ్వించమంటే నవ్వించేది. చూసేవాళ్ళు తగ్గుతున్నారని కబురొస్తే చాలు, కారు ప్రమాదంలో ఎప్పుడో పోయిన అన్నగారిని మతిమరుపుతో వెనక్కి నడిపించుకొచ్చేది. చచ్చినవాళ్ళను బతికించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

అలాంటి మనిషికి నలభై రెండో ఏట మొదటిసారి ఒక సినిమాకు మొత్తం స్క్రిప్టు రాసే పని దొరికింది. దర్శకుడు ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఒకప్పుడు అదే సీరియల్లో సహాయకుడిగా చేశాడు. అప్పటి నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

కథ కల్పించింది కాదు, జరిగింది. ఎనిమిదేళ్ళ కిందట ఊరి చివర ఒక పెద్ద లాండ్రీ ఉండేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు బండ్లకొద్దీ వచ్చేవి. డెబ్భై మంది పనివాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం కప్పుమీది నీళ్ళట్యాంకు, దాని కింది కప్పుతో సహా, ఉతికే హాల్లోకి కూలిపోయింది. మధ్యాహ్నం విరామం కాబట్టి అందరూ బయట షెడ్డు కింద భోజనాలు చేస్తున్నారు. లోపలున్న ముగ్గురు మాత్రం పోయారు. ఆ తర్వాత విచారణ జరిగింది, లాండ్రీ మూతపడింది. విచారణ రిపోర్టు పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది: "మృతులు విరామ సమయంలో నిబంధనలకు విరుద్ధంగా హాలు లోపల ఉన్నారు."

డైలాగులమ్మ ఆ వాక్యం కింద గీత గీసుకుంది. పోయినవాళ్ళదే తప్పని తేల్చడానికి ఆ ఒక్క వాక్యం సరిపోయింది మరి.

"ఫస్ట్ డ్రాఫ్టు మొదలుపెట్టే ముందు నాకు ఆరువారాలు కావాలి" అంది దర్శకుడితో.

"ఆరువారాలా! సీను రెండు గంటల్లో రాసేవారు కదక్కా?"

"అక్కడి మనుషులు నావాళ్ళు తమ్ముడూ. చంపినా బతికించినా ఇదేమిటని అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ అడిగేవాళ్ళున్నారు."

దర్శకుడు సరేనన్నాడు. అని, తన కోరికా చెప్పాడు. "ట్యాంకు పడటం మాత్రం ఇంటర్వెల్ దగ్గర పెట్టండి. జనం కుర్చీల్లోంచి లేవకూడదు."

ఇంటర్వెల్లో జనం లేవకపోతే ఇంకెప్పుడు లేస్తారయ్యా అనబోయి ఊరుకుంది.

ఆమె పని చేసే తీరు పాతకాలపుది. సీన్లన్నిటినీ ఒక్కో వాక్యంగా అట్టముక్కల మీద రాసి, పడకగది గోడకు వరుసగా అంటించుకునేది. వరుస కుదిరాకే కలం పట్టుకోవడం. ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు. జీవితంలో సగం పక్కసీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు వేసి గడిపినవాడు కాబట్టి ఎవరిమీదా నోరు చేసుకోడు. గోడ నిండిపోతుంటే చూసి, "సున్నం వేయించి ఏడాది కాలేదు. పోనీలే, నా వైపు గోడ ఖాళీగానే ఉంది, అటు కూడా కానివ్వు" అన్నాడంతే.

మూడు వారాలు తిరిగింది. ఫోర్‌మన్‌ను కలిసింది, గేటు దగ్గర కాపలా కాసినాయన్ని కలిసింది, దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పనిచేసిన నలుగురు ఆడవాళ్ళను కలిసింది. పోయిన ముగ్గురిలో ఇద్దరు పెద్దవాళ్ళు, తోడికోడళ్ళు. పెద్దామెకు మోకాళ్ళ నొప్పులు. షెడ్డు దాకా నడవలేక మైలగుడ్డల మూటల మీదే నడుం వాల్చేది. చిన్నామె ఆమెకు తోడుగా ఉండిపోయేది. ఈ సంగతి అందరికీ తెలుసు, విచారణకు వచ్చినవాళ్ళు అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

మూడోవాడికి ఇరవయ్యారేళ్ళు. తడి దుప్పట్లను ఆరబెట్టి ఇస్త్రీ చేసే రోలరుకు అందించడం అతని పని. పెద్ద దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా లాగి, ఒక్క క్షణంలో రోలరు నోటికి అందించాలి. ఒకరు ముందై ఇంకొకరు వెనకైతే గుడ్డ వంకర తిరిగిపోతుంది. ఇతను కుడికొస పట్టేవాడు. ఇతను పనిచేసిన నాలుగేళ్ళూ ఎడమకొస పట్టినవాడు ఒక్కడే. అందుకే లాండ్రీలో వాళ్ళకు కుడి, ఎడమ అనే పేర్లు స్థిరపడ్డాయి. "కుడీ, టీకొస్తావా?" అంటే కుడి తలెత్తేవాడు, "ఎడమ వస్తే వస్తా" అనేవాడు.

కుడి ఆ రోజు ఆరింటికి గేటు దాటాడు. పదింటికి రోలరు ఆగితే బాగుచేయించారు. ఒంటిగంటకు బెల్లు కొట్టారు. ఒంటిగంటా ఇరవైకి ట్యాంకు పడింది. బెల్లుకూ ట్యాంకుకూ మధ్య అతను ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో చెప్పేవాళ్ళు లేరు. గోడమీద అక్కడ ఒక ఖాళీ అట్టముక్క అంటించింది. మీద ఏమీ రాయలేదు.

ఎడమను రెండుసార్లు కలిసింది. ఒక భవనం మెట్ల కింద చిన్న గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడిప్పుడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, జుట్టు అప్పుడే నెరిసింది. రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు. "నేను బయటున్నాను మేడమ్. చప్పుడు విని పరుగెత్తాను. అంతే." అని చొక్కా కాలరు తిరగేసి ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టేవాడు, ఇక వెళ్ళండి అన్నట్టు.

నాలుగో వారంలో కుడి తల్లి దగ్గరికి వెళ్ళింది. కావాలనే ఆమెను చివరికి ఉంచుకుంది. సీరియల్లో ఎందరు తల్లుల్ని ఏడిపించినా, నిజం తల్లి ఎదురుగా కూర్చోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మూడో అంతస్తులో ఒకే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫారం చొక్కాలు గుట్టలుగా ఉన్నాయి. రోజుకు నలభై చొక్కాలకు గుండీలు కుడుతుందట. ఆ వీధిలో ఆమెను గుండీలామె అంటారు. అరవై దాటినా సూదిలో దారం కళ్ళద్దాలు లేకుండానే ఎక్కిస్తోంది.

"కూర్చోండి. ఆ చొక్కాలు పక్కకి నెట్టేయండి, ఏం ఫర్వాలేదు" అంది. తర్వాత తనే అడిగింది. "సినిమాలో మా వాడుంటాడా?"

"ఉంటాడమ్మా. మీకిష్టమైతేనే."

గుండీలామె ఇంకో రెండు గుండీలు కుట్టింది. దారం కొరికి తెంపి, అప్పుడు చెప్పింది.

ఆ రోజు తెల్లవారుజామున తల్లీకొడుకులకు మాటామాటా పెరిగింది. కుడి లాండ్రీ మానేసి లారీ నడపడం నేర్చుకుంటానన్నాడు. లారీ ఎక్కినవాళ్ళు ఇల్లు చేరతారన్న నమ్మకం లేదని ఆమె భయం. వాళ్ళాయన లారీ ఎక్కి వెళ్ళి తిరిగి రాలేదు, చనిపోలేదు, రాలేదంతే. ఆ కోపమంతా కొడుకు మీద చూపించింది. "మీ నాన్న బుద్ధి ఎక్కడికి పోతుంది!" అంది. కొడుకు ముందున్న కంచం నెట్టేశాడు. గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా అన్నండబ్బా కోసం చెయ్యి చాపాడు. ఆమె అప్పటికే డబ్బా నింపి పెట్టింది.

"ఇచ్చి, మళ్ళీ లాక్కున్నానమ్మాయ్. నా చేతి తిండి వద్దన్నవాడివి డబ్బా ఎందుకు, పో, అన్నాను. ఒక్క మాట అనకుండా మెట్లు దిగిపోయాడు. ఆ డబ్బా సాయంత్రం దాకా అలమరలోనే ఉంది."

గుండీలామె అప్పుడు డైలాగులమ్మ చేతిలోని నోటుపుస్తకం వైపు చూసింది.

"ఒక్కటి అడుగుతాను. మీ సినిమాలో వాడికి డబ్బా ఇప్పించండి. గొడవ పెట్టుకుంటే పెట్టుకోనీ, దులుపుకుని తిన్నాడని రాయండి. సినిమాయే కదా. ఆకలితో పోయాడన్నమాట ఎనిమిదేళ్ళ నుంచి నా గొంతుకి అడ్డం పడి ఉంది. ముద్ద దిగదు. నలుగురూ తెరమీద చూస్తే, అదే జరిగిందేమో అని నేనూ అనుకుంటాను."

డైలాగులమ్మ చూస్తానమ్మా అని మాత్రం అని వచ్చేసింది.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. అతను అంతా విని, "రాసెయ్. ఎవరికి నష్టం?" అన్నాడు.

"నాకూ అదే అనిపిస్తోంది."

"మరి?"

"పన్నెండేళ్ళు అదే చేశానండీ. ఎవరికేది కావాలంటే అది."

అయినా ప్రయత్నించింది. ఒక అట్టముక్క మీద 'తల్లి డబ్బా ఇస్తుంది, కొడుకు తీసుకుంటాడు' అని రాసి గోడకు అంటించింది. ఎలాంటి అబద్ధాన్నయినా ఇట్టే అతికించగల మనిషి, ఈ ఒక్కదాన్ని పట్టుకుని రెండు రోజులు అవస్థపడింది. చేతిలో డబ్బా ఉన్నవాడు బెల్లు కొట్టగానే అందరితో షెడ్డు కిందికి వెళ్తాడు. షెడ్డు కిందికి వెళ్ళినవాడు చావడు. తల్లి కోరిన ఆ చిన్న అబద్ధం పెడితే కథే నిలవడం లేదు. మరి డబ్బా లేనివాడు ఎక్కడికి వెళ్తాడు? ఆ ప్రశ్న తట్టాక, ఖాళీ అట్టముక్క ముందు చాలాసేపు నిలబడింది. మర్నాడు పొద్దున్నే మెట్ల కింది గదికి మూడోసారి వెళ్ళింది.

ఎడమ ఆమెను చూసి నిట్టూర్చాడు. "చెప్పేశాను కదా మేడమ్."

"నేనేం అడగడానికి రాలేదు. ఒకటి చెప్పి పోదామని వచ్చాను" అని, గుండీలామె కోరిక ఉన్నదున్నట్టు చెప్పింది.

అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. స్విచ్చి ఆపాడు. వైరు కూడా ఊడబెరికి చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

"ఆకలితో పోయాడనుకుంటోందా ఆమె?"

"ఎనిమిదేళ్ళుగా."

"వాడు తిన్నాడు మేడమ్." అతను చుట్టిన వైరు బల్లమీద పెట్టాడు. "కడుపునిండా తిన్నాడు. నా డబ్బాలోదే."

బెల్లు కొట్టాక కుడి, ఆకలిగా లేదు నువ్వు పో, అన్నాడట. చేతిలో డబ్బా లేకపోవడం ఎడమ పొద్దున్నే చూశాడు. నలుగురిలో కూర్చుంటే తలా ఒక ముద్ద పెడతారు, పెట్టి కారణం అడుగుతారు, వాడికది నామోషీ. అందుకని ఎడమే వాణ్ణి ఉతికే యంత్రాల వెనక్కి లాక్కెళ్ళాడు. అక్కడ గోడ వెచ్చగా ఉంటుంది, ఎవరూ రారు. మూతలో సగం, డబ్బాలో సగం అన్నం పెట్టుకున్నారు. ఎడమ భార్య ఆ రోజు కూరలో రెండు గుడ్లు వేసింది. రెండూ వాడికే పెట్టాడు. తిన్నాక ఎడమ డబ్బా తీసుకోబోతే కుడి ఇవ్వలేదు. "పెట్టినవాడు కడగకూడదు, తిన్నవాడు కడగాలి. నువ్వు పోయి బీడీ కాల్చుకో" అని మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఎడమ బయటికొచ్చి అగ్గిపుల్ల గీశాడు.

"ఆ పుల్ల ఇంకా ఆరలేదు మేడమ్, ట్యాంకు పడింది."

విచారణలో అతను ఏమీ చెప్పలేదు. హాల్లో తినకూడదని రూలుంది. అప్పటికి ఇంకా లాండ్రీ తెరుస్తారనే అందరూ అనుకుంటున్నారు. నోరు విప్పితే పని పోతుందన్న భయం ఒకటి. లోపలికి తీసుకెళ్ళింది నేనే అని చెప్పుకోలేకపోవడం రెండోది. మొదటి భయం ఆరునెలల్లో తీరిపోయింది, రెండోది ఉండిపోయింది. వీధిలో గుండీలామె కనిపిస్తే ఎనిమిదేళ్ళుగా అవతలి పక్కకు దాటుతున్నాడు.

"మీరు రాసుకోండి. ఆమెకి మాత్రం మీరే చెప్పండి" అన్నాడు.

డైలాగులమ్మకు మాటలు రాయడం వృత్తి. ఈ మాటలు మాత్రం తను చెప్పవలసినవి కావని ఆమెకు తెలిసింది. "నేను చెబితే సినిమా కోసం కల్పించాననుకుంటుంది. మీరు రావాలి" అంది. అతను ఆ రోజు రాలేదు. రెండు రోజులకు ఫోన్ చేశాడు. "ఇవాళ వెళ్దాం. రేపయితే నేను రాను."

మూడంతస్తులూ ఎక్కేసరికి ఎడమ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గుండీలామె తలుపు తీసి, ముందు డైలాగులమ్మను చూసింది, ఆ తర్వాత అతన్ని. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు.

"ఎడమవి కదూ నువ్వు! తల నెరిసిపోయిందేమిట్రా?"

అతను కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే చెప్పాడు. ముందు తిన్న సంగతి చెప్పాడు. గుండీలామె చేతిలో చొక్కా ఒళ్ళోకి జారింది.

"ఏం తిన్నాడు?"

"అన్నం, గుడ్డు కూర."

"ఎన్ని గుడ్లు?"

"రెండమ్మా. రెండూ వాడే."

"నా గురించి ఏమన్నా అన్నాడా?"

ఎడమ డైలాగులమ్మ వైపు చూశాడు. ఇలాంటి చోట సీరియల్లో ఏ మాట పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. నోరు కదపలేదు.

"తిట్టాడమ్మా" అన్నాడు ఎడమ. "మా అమ్మకి కోపమొస్తే అన్నమూ పెట్టదు, అలగనివ్వదు, అన్నాడు."

గుండీలామె ముఖంలో ఏదో కదిలింది. నవ్వే అనుకోవాలి. మా వాడే, అని గొణుక్కుంది.

అప్పుడు మిగతాది చెప్పాడు. కుళాయి, డబ్బా, అగ్గిపుల్ల. చెప్పి తలొంచుకున్నాడు. కింద వీధిలో ఎవరో తోపుడుబండి లాక్కెళ్తున్న చప్పుడు వచ్చి, పోయింది.

"గిన్నె కడిగాడా?" అంది గుండీలామె. "ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టిన పాపాన పోలేదు. వాడు గిన్నె కడిగాడా!"

అని ఏడ్చింది. డైలాగులమ్మ ఇన్నేళ్ళూ 'తల్లి కుమిలి కుమిలి ఏడుస్తుంది' అని ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. ఇది ఆ ఏడుపు కాదు. ఒళ్ళోని చొక్కా తడవకుండా పక్కకు తీసిపెట్టి మరీ ఏడ్చింది ఆమె. పొద్దుటికి ఇవ్వాల్సిన చొక్కా అది.

"నేను లోపలికి తీసుకెళ్ళకపోతే" అని ఎడమ మొదలుపెట్టాడు.

"ఊరుకో" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "నేను డబ్బా ఇచ్చి ఉంటే నువ్వు లోపలికి తీసుకెళ్ళేవాడివే కాదు. అది నాకు తట్టలేదనుకున్నావా? ఇప్పుడు నువ్వు చెబుతుంటేనే తట్టింది. అయితే ఒకటి అడుగుతాను చెప్పు. ట్యాంకు కారుతోందని వాడు ఇంట్లో అనేవాడు. ఆ సంగతి లాండ్రీ యజమానులకి మీరు ఎప్పుడు చెప్పారు?"

"నెల ముందే. మూడుసార్లు."

"చూశావా మరి. చెప్పినా వినిపించుకోనివాళ్ళు హాయిగా ఉన్నారు. పాపమంతా నువ్వు సగం, నేను సగం పంచుకుని మోస్తున్నాం. వాళ్ళకి పిసరంత కూడా మిగల్చలేదు కదరా మనం!"

ఎడమ అప్పుడు నేలమీద కూర్చున్నాడు. ఆమె లేచి అతనికి మంచినీళ్ళిచ్చింది. తాగేదాకా ఎదురుగా నిలబడింది.

వచ్చేసేముందు గుమ్మంలో గుండీలామె డైలాగులమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను డబ్బా లాక్కున్నది రాస్తావా?"

"మీరు వద్దంటే రాయనమ్మా. ఇంకో దారి చూసుకుంటాను."

గుండీలామె చెయ్యి వదిలింది. "రాయి. చూసినవాళ్ళు నన్ను తిడతారేమో. తిట్టనీ. ట్యాంకు కారుతోందంటే వినిపించుకోనివాళ్ళని కూడా తిట్టేలా రాయి."

దర్శకుడితో మాట్లాడటం అంత తేలిగ్గా జరగలేదు. ఆఫీసులో అతను బల్ల మీద అట్టముక్కలన్నీ పరిచి రెండుసార్లు చదివాడు. వన్‌లైన్ ఆర్డరు బాగుందన్నాడు. అంటే సీన్ల వరుస కుదిరిందని. ఒంటిగంట దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. ఆ ముక్క మీద ఇప్పుడు రాత ఉంది: 'ఇద్దరు ఒకే డబ్బాలో తింటారు.'

"ఇందులో ఏం జరుగుతుందక్కా?"

"తింటారు."

"అది సరే. మాటలేమైనా? పాత కథ చెప్పుకోవడం లాంటిది?"

"ఒకడు వాళ్ళమ్మని తిడతాడు. అంతే."

"ఎన్ని నిమిషాలు?"

"వాళ్ళు తిన్నంతసేపు."

దర్శకుడు కుర్చీలో వెనక్కి వాలాడు. జనం ఫోన్లు చూసుకుంటారన్నాడు. ట్యాంకును మధ్యమధ్యలో చూపిద్దామా అన్నాడు. వద్దంది. చాలాసేపు వాదించుకున్నారు, రెండుసార్లు టీ చల్లారిపోయింది. "సరే, రాసుకురండి. కాగితం మీద చూసి మాట్లాడుకుందాం" అన్నాడు ఆఖరికి. అది ఒప్పుకోవడమూ కాదు, కాదనడమూ కాదు. సినిమావాళ్ళ భాషలో ఆ మాటకు రెండర్థాలూ ఉంటాయని ఆమెకు తెలుసు.

పోయిన తోడికోడళ్ళ ఇంటికి కూడా ఎడమ వెళ్ళొచ్చాడని తర్వాత తెలిసింది. రిపోర్టులోని ఆ వాక్యం మార్పించమని మూడు కుటుంబాలూ కలిసి అర్జీ పెట్టాయి. మారుతుందో లేదో ఎవరికీ తెలియదు. అర్జీ మాత్రం ఎడమే తన చేత్తో రాశాడట, లోపలికి తీసుకెళ్ళింది నేనే అని మొదటి వాక్యంలోనే.

గుండీలామె రోజూ పొద్దున్నే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. కొడుకు గురించి ఏదో ఒక ముక్క చెబుతుంది. వాడికి ఎడమ చెవి కింద మచ్చ ఉండేదనీ, టీ ఊదకుండా తాగి నాలుక కాల్చుకునేవాడనీ. చెప్పాక, "పనికొస్తుందా?" అని అడుగుతుంది. కొన్ని పనికొస్తాయి, చాలావాటికి చోటుండదు. డైలాగులమ్మ అన్నీ రాసుకుంటుంది.

ఆరువారాలూ గడిచాక ఒక సోమవారం, భర్త పనికి వెళ్ళాక, వంటింటి బల్ల తుడిచి కాగితాలు పెట్టుకుంది. 'సీను ఒకటి' అని రాసి, ఆ ఇంటి తలుపు దగ్గర మొదలుపెట్టాలా, లాండ్రీ గేటు దగ్గరా అని తేల్చుకోలేక కూర్చుంది. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా? ఒక్క మాట. వాడు మెట్లు ఎప్పుడూ ఒక్కొక్కటీ దిగలేదు, రెండేసి దిగేవాడు. ఆ రోజు గొడవపడి కూడా రెండేసే దిగాడు. నేను పైనుంచి విన్నాను. రాసుకున్నావా?"

"రాసుకుంటున్నానమ్మా" అంది డైలాగులమ్మ.

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, 'తెల్లవారుజాము. ఇరవయ్యారేళ్ళ యువకుడు ఉత్తచేతులతో మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు' అని రాసింది. అవతల గుండీలామె ఇంకా ఏదో చెబుతోంది. వింటూ, తర్వాతి వాక్యం మొదలుపెట్టింది.